ముల్లు మధ్యలో ఉంటే చాలా?



మన సంఘం అంబాసిడర్ కారు మూడు వారాలుగా షెడ్డులోనే ఎందుకు ఉందని చాలామంది ఫోన్లు చేసి అడిగారు. ఇంజను మార్చడం అయిపోయింది గదా, బండి స్టార్టవుతోంది గదా, ఇంకా రోడ్డెక్కించడానికి ఏమిటి అడ్డం అని. అడ్డం ఒక ముల్లు. డ్యాష్‌బోర్డులో ఇంజను వేడిని చూపించే చిన్న ముల్లు. ఆదివారం ప్రకటనల్లో ఇదే మాట చెబితే వెనక వరుసలో కొందరు నవ్వారు. ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చి, "ఏటండి అయ్యగారూ, ముల్లు కోసం మూడు వారాలా? ఈలోగా ఎవరికైనా నొప్పులొస్తే?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. బండి మీ కానుకలతో నడుస్తోంది కాబట్టి జవాబు కూడా మీకు పూర్తిగా చెప్పవలసిందే. బండ్ల సంగతులంటే ఇష్టం లేనివారు కొంచెం ఓపిక పట్టండి.

ఈ బండి మనకు ఎలా వచ్చిందో పాతవారికి తెలుసు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు గారిది. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళాక వారి భార్య, మనమందరం పెద్దమ్మగారు అని పిలుచుకునే ఆ తల్లి, దీన్ని సంఘానికి ఇచ్చేశారు. అమ్మితే ఇనుము ధర వస్తుంది, నడిపితే నలుగురికి ఉపయోగపడుతుంది అన్నారు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట మాత్రం అడిగారు: "రంగు మార్చుకోండి, సీట్లు మార్చుకోండి, ఆ మీటర్లు మాత్రం తీయకండి." ఆ మీటరు అద్దం మీద ఒక చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. గోళ్ళరంగుతో పెట్టింది. అది మాస్టారు పెట్టిన చుక్క. వేడి ముల్లు ఆ చుక్క దాటితే బండి ఆపేసేవారట, ఎక్కడున్నా సరే, పెళ్ళికి ఆలస్యమైనా సరే. పెద్దమ్మగారు నవ్వుతూ చెప్పారు, "ఘాట్ ఎక్కుతుంటే మా మాటలు వినేవారు కాదు, ఆ చుక్కనే చూసేవారు" అని.

అంబాసిడర్ అంటే మనదనుకుంటాం గాని, దాని అసలు మూలం ఇంగ్లాండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుండి 2014 వరకు దాన్ని తయారు చేశారు. మాస్టారి బండిలో ఉన్నది 1489 సీసీ పాత పెట్రోలు ఇంజను. హెడ్డు కూడా పోత ఇనుమే. బరువైనది, నిదానమైనది, దెబ్బలకు ఓర్చుకునేది. అది ఇక లేవలేని స్థితికి వచ్చింది. నాలుగు సిలిండర్లలో రెండింటికి కంప్రెషన్ లేదు. బోరింగు చేయించి పిస్టన్లు వేయించే ఖర్చుకు, 1990ల్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ ఒకటి తుక్కుకు పోతుంటే దాని 1817 సీసీ ఇంజను గేరుబాక్సుతో సహా దొరికింది. ఇంధనం అదే పెట్రోలు, కంపెనీ అదే. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి, కొత్త ఇంజను నంబరు ఆర్సీ పుస్తకంలోకి ఎక్కాలి. ఆ పనులన్నీ సంఘ పెద్దలు ముందుగానే చూసుకున్నారు. ఇంజను కూర్చోబెట్టడం, గేరు రాడ్డు సరిచేయడం, రేడియేటరు గొట్టాలు కలపడం తొమ్మిది రోజుల్లో అయిపోయింది. మెకానిక్ చెయ్యి మంచిది. మొదటి తాళానికే స్టార్టయింది.

అన్నీ పని చేశాయి, వేడి ముల్లు తప్ప. అది 'సి' అక్షరం దగ్గర, అంటే చల్లగా ఉంది అనే చోట, పడుకునే ఉంది. అరగంట ఇంజను తిప్పినా, రేడియేటరు మీద చెయ్యి పెట్టలేనంత కాలినా, ముల్లు కొంచెం లేచి మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

ఇసుజు బండి మీటర్లే తెచ్చి పెట్టవచ్చు గదా అని మీరు అడగవచ్చు. ఆ బండి డ్యాష్‌బోర్డు, వైర్లు మాకంటే ముందే ఎవరో పట్టుకుపోయారు. పైగా పెద్దమ్మగారి మాట ఒకటి ఉంది. డ్యాష్ కింద విడిగా ఒక గుండ్రటి మీటరు తగిలించుకోవడం తప్పేమీ కాదు. చాలామంది అదే చేస్తారు, బాగానే పని చేస్తుంది. కానీ మన డ్రైవర్ తమ్ముడి మోకాలు దానికి అడ్డం వస్తుంది. రాత్రిపూట కిందికి వంగి చూడాలి. ఘాట్ రోడ్డు మీద కిందికి వంగి చూసే డ్రైవరు మనకు వద్దు.

మెకానిక్ మాత్రం దీన్ని పట్టించుకోలేదు. "ఇంజను బాగుంది అయ్యగారూ, ముల్లుతో పనేటి? పొగొస్తే తెలీదా?" అన్నాడు. పొగ వచ్చే వేళకు ఏమవుతుందో ఇక్కడ చెప్పాలి. ఇప్పుడు వేసిన ఇంజనుకు హెడ్డు అల్యూమినియం. ఇనుము ఓర్చుకున్నంత వేడిని అల్యూమినియం ఓర్చుకోదు. ఎక్కువ వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. పొగ రావడమంటే అప్పటికే ఇంజను పోవడమే. ముందుగా చెప్పేది ముల్లు ఒక్కటే.

మన బండి ఎక్కడ తిరుగుతుందో కూడా గుర్తు చేసుకోండి. 108 రాలేని గూడేల నుండి డోలీలో మోసుకొచ్చినవారిని రోడ్డు మొన దగ్గర ఎక్కించుకుని, లంబసింగి మీదుగా ఘాట్ దిగి నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్తాం. దిగేటప్పుడు ఇంజనుకు పెద్ద కష్టం లేదు. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. బాలింత, ఆమె తల్లి, పసిబిడ్డ, మూటలు, ఒక్కోసారి పక్క ఊరివాళ్ళు ఇద్దరు అదనం, అందరితో రెండో గేరులో పైకి ఎక్కాలి. మలుపుల దగ్గర ఫోను సిగ్నలు ఉండదు. డిసెంబరులో లంబసింగి చలి ఎంతో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ చలిలో, అర్ధరాత్రి, నాలుగు రోజుల బిడ్డతో బండి ఆగిపోవడాన్ని ఊహించుకోండి. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా దగ్గర ఉన్న జవాబు ఇదే. నొప్పులు వస్తే అద్దె జీపు పిలిపించి డబ్బు సంఘం ఇచ్చేలా ఆ మూడు వారాలకూ ఏర్పాటు చేశాము. రెండుసార్లు అలా పంపాము కూడా. ముల్లు లేని బండిని మాత్రం పంపలేదు.

తరువాత ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. మధ్యాహ్నం వచ్చి, డ్యాష్ కింద దూరి, గంటలో పని ముగించి వెళ్ళిపోయాడు. సాయంత్రం చూస్తే ముల్లు చక్కగా మధ్యలో నిలబడి ఉంది. అందరికీ సంతోషమే. మరుసటి ఉదయం ఐదింటికి, మంచు ఇంకా కురుస్తుండగా, మేము, డ్రైవర్ తమ్ముడు వెళ్ళి ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాము. బానెట్ మీద చెయ్యి పెడితే మంచుగడ్డలా ఉంది. ముల్లు మెల్లగా లేచి మధ్యకు వచ్చి నిలబడింది.

రాత్రంతా చల్లారిన ఇంజను వేడిగా ఉందని ముల్లు చెబుతోంది. డ్యాష్ కిందకు టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. ఇంజను నుండి వచ్చే వైరు ఊరికే వేలాడుతోంది. దాని బదులు మీటరు వైరును ఒక చిన్న రెసిస్టరు గుండా బాడీకి కలిపి టేపు చుట్టేశాడు. ఇక ఇంజను మరిగినా, గడ్డకట్టినా, ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఫోను చేసి అడిగాము. అతను ఏమీ దాచలేదు. దాచవలసింది ఏదో ఉందని కూడా అతనికి తోచలేదు. "ముల్లు మధ్యలో ఉంటే మీకు మనశ్శాంతి గదా అయ్యగారూ. అందరూ ఇలాగే ఏయించుకుంటారు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అతన్ని తిట్టుకోవడానికి కాదు. అతను చెప్పింది నిజమే, జనం అడిగేది అదే. పని చేసే ముల్లు ఎవరికీ అక్కరలేదు, మధ్యలో నిలబడే ముల్లు కావాలి. యిర్మీయా ప్రవక్త ఆరవ అధ్యాయంలో ఎవరిని చూసి బాధపడ్డాడో తెలిసినవారికి తెలుసు. గాయాన్ని పైపైన కట్టి, అంతా క్షేమమేనని జనానికి చెప్పి పంపిన పెద్దమనుషులను చూసి. వాళ్ళు కూడా జనం అడిగిందే ఇచ్చారు. కుటుంబ దర్శనాలకు వెళ్ళినప్పుడు మాకు కనబడేదీ ఇదే. "అంతా బాగేనా?" అంటే "దేవుని దయవల్ల బాగున్నాం అయ్యగారూ" అంటారు, గుమ్మంలోనే. అప్పు ఉన్న ఇంట్లో అదే మాట, పిల్లవాడు మూడు నెలలుగా ఇంటికి రాని ఇంట్లోనూ అదే మాట. రెండో టీ గ్లాసు వరకు కూర్చుంటే గాని ముల్లు కదలదు. ప్రార్థన చేసి తొందరగా లేచి వచ్చే పాస్టరుకు అన్ని ఇళ్ళలోను ముల్లు మధ్యలోనే కనబడుతుంది.

ఇక పనిలోకి వద్దాం. రెసిస్టరు పీకేసి మొదటి నుండి మొదలుపెట్టాము. ఈ మీటరు ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. ఇంజను హెడ్డులో, నీళ్ళు పారే చోట, ఇత్తడితో చేసిన చిన్న బొడిపె ఒకటి బిగించి ఉంటుంది. దీన్ని సెండర్ అంటారు, మన మెకానిక్కులు టెంపరేచర్ బల్బు అంటారు. చల్లగా ఉన్నప్పుడు అది కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది. వేడెక్కేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. కరెంటు ఎక్కువ పారితే మీటరులోని ముల్లు పైకి లేస్తుంది. మన పాత మీటరులో ముల్లును కదిపేది ఒక చిన్న లోహపు పట్టీ. రెండు లోహాలు అతికిన ఆ పట్టీ చుట్టూ సన్నని తీగ ఉంటుంది. తీగ వేడెక్కితే పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. అందుకే అది నిదానంగా కదులుతుంది, గుంటల్లో బండి ఎగిరినా వణకదు. ఏ మీటరుకు తగిన సెండర్ ఆ మీటరుకే ఉండాలి. వేరే దాన్ని తగిలిస్తే అది చెప్పేది దీనికి అర్థం కాదు. ఒకరు తెలుగులో చెబుతుంటే ఒకరు కొండభాషలో వింటున్నట్టు.

తప్పు మీటరులో ఉందా, బయట ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. అదే గడిలో పెట్రోలు ముల్లు కూడా ఉంది. రెండింటికీ కరెంటు ఒక చిన్న డబ్బా గుండా వస్తుంది. బ్యాటరీ ఓల్టేజి ఎక్కువ తక్కువలైనా మీటర్లకు సగటున పది ఓల్టులు మాత్రమే పంపే డబ్బా అది, స్టెబిలైజర్. దానికి ఎర్త్ పోతే రెండు ముళ్ళూ కలిసి ఎక్కువ చూపిస్తాయి. మనకు పెట్రోలు ముల్లు సరిగ్గానే ఉంది, కొలకర్ర పెట్టి చూసుకున్నాము. కాబట్టి డబ్బాలో లోపం లేదు. తరువాత ఇంజను దగ్గర సెండర్ వైరు ఊడదీసి, తాళం తిప్పి, ఆ వైరును ఇంజను బాడీకి ఆనించాము. ముల్లు 'హెచ్' వైపు నడిచింది. వెంటనే తీసేశాము. ఎక్కువసేపు ఉంచితే మీటరులోని తీగ కాలిపోతుంది, ఇది ఎవరైనా చేసి చూసేవారు గుర్తుంచుకోవాలి. అంటే మీటరు బతికే ఉంది, వైరూ బాగుంది. తేడా సెండర్లోనే.

పాత ఇంజను అప్పటికి ఇంకా చర్చి వెనక చింతచెట్టు కిందే పడి ఉంది, తూకానికి వేయలేదు. దాని హెడ్డు నుండి పాత సెండర్ విప్పి తెచ్చాము. అది ఇంకా పని చేస్తోందో లేదో తెలియాలంటే వేడినీళ్ళలో పెట్టి చూడాలి. హైస్కూల్ సైన్సు టీచరు ల్యాబులోని 110 డిగ్రీల థర్మామీటరు అరువిచ్చారు. గిన్నె కోసం మా ఇంటావిడను అడిగితే ముందు సెండర్ వైపు, దాని మీది నూనె మరకల వైపు చూసి, తరువాత మా వైపు చూశారు. చివరకు కోళ్ళకు నీళ్ళు పెట్టే సత్తు గిన్నె దొరికింది. షెడ్డు ముందు మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, సెండర్ బొడిపె మాత్రం నీళ్ళలో మునిగేలా కట్టెకు వేలాడదీశాము. దాని నెత్తికి మీటరు వైరు, ఒంటికి బాడీ నుండి ఒక ఎర్త్ వైరు కలిపాము. డ్రైవర్ తమ్ముడు లోపల కూర్చుని ముల్లు చూసి చెబుతుంటే, మేము బయట థర్మామీటరు చూస్తూ రాసుకున్నాము. ముల్లు నిదానం కాబట్టి ప్రతి కొలత దగ్గర మంట తగ్గించి రెండు నిమిషాలు ఆగాలి. ఒక పూట పట్టింది. బడి వదిలాక పిల్లలు చుట్టూ చేరారు. ఇంత పెద్ద కారుతో నీళ్ళు కాచుకుంటున్నారేమిటని ఒకడు అడిగాడు.

తరువాత మల్టీమీటరుతో రెండు సెండర్లనూ ఒకే గిన్నెలో కొలిచాము. 60 డిగ్రీల దగ్గర పాతది 150 ఓములు, కొత్తది 400. 80 దగ్గర పాతది 78, కొత్తది 210. నీళ్ళు మరిగేటప్పుడు పాతది 47, కొత్తది 128. ఇందులో ఒక్కసారి ఆగి చూడండి. మరిగే నీళ్ళలో ఉన్న కొత్త సెండర్ చెప్పే మాట, పాత మీటరుకు 60 పైచిలుకు డిగ్రీలుగా వినబడుతుంది. ఇంజను మరుగుతుంటే ముల్లు ఇంకా సరిగ్గా వేడెక్కలేదని చూపిస్తుంది. ఆ ఎలక్ట్రీషియన్ రెసిస్టరు ఒక తప్పు సాక్ష్యమైతే, ఇది అంతకంటే మెత్తని తప్పు సాక్ష్యం. ముల్లు కదులుతుంది కాబట్టి నమ్మేస్తాం. కొత్త సెండర్‌కే పక్కన ఇంకో రెసిస్టరు కలిపి సరిచేసే పద్ధతి ఉంది. కానీ అలా చేస్తే ఒక్క వేడి దగ్గర సరిపోతుంది, మిగతా చోట్ల తేడా వస్తుంది. మాకు నచ్చలేదు.

నీళ్ళు మరిగింది 97 దగ్గర. సైన్సు టీచరు ముందే చెప్పారు, 100కి ఎక్కదని. సముద్ర మట్టం దగ్గరే 100, మన కొండల ఎత్తులో కొంచెం ముందుగానే మరుగుతుంది. రేడియేటరు మూత బిగువుగా ఉండి లోపల ఒత్తిడి పట్టి ఉంచితేనే ఆ నీళ్ళు అంతకంటే పైదాకా మరగకుండా ఉంటాయి. మన మూత రబ్బరు వాషరు ఎండి పగిలిపోయి ఉంది. అదీ మార్చాము, ముల్లు పుణ్యమా అని.

ఇక ఆ ఎర్ర చుక్క. పాత సెండర్‌తో ముల్లు మాస్టారి చుక్కను తాకినప్పుడు థర్మామీటరు 92 చూపించింది. మూడుసార్లు చూశాము. రెండుసార్లు 92, ఒకసారి 91. మన ఊళ్ళో నీళ్ళు మరగడానికి ఐదు డిగ్రీల ముందు. ఆయన థర్మామీటరు పెట్టి చూసి పెట్టారో, ఏళ్ళ తరబడి ఘాట్ మీద గమనించి పెట్టారో పెద్దమ్మగారికి కూడా తెలియదు. లెక్కల మాస్టారు గదా.

పాత సెండర్ పనికొస్తుందని తేలింది గాని, అది కొత్త ఇంజనులో పట్టదు. దాని మర 5/8 ఇంచు. కొత్త ఇంజనులో సెండర్ రంధ్రం దానికంటే సన్నది. కింద సన్న మర, పైన లావు మర ఉండే ఇత్తడి ముక్క ఒకటి చేయించి పెట్టవచ్చన్నారు. నర్సీపట్నంలో లేత్ షాపు అతను చేసి ఇచ్చాడు కూడా. పెట్టి చూస్తే ముల్లు లేచింది గాని చాలా ఆలస్యంగా, చాలా తక్కువగా లేచింది. కారణం ఆ లేత్ అతనే చెప్పాడు. సెండర్ బొడిపె పారే నీళ్ళలోకి దిగడం లేదు, ఇత్తడి ముక్క లోపల నిలవ నీళ్ళలో ఉండిపోతోంది. గుమ్మం బయట నిలబడి ఇంట్లో సంగతి చెప్పినట్టు. పై గొట్టాన్ని కోసి మధ్యలో పెట్టవచ్చని ఇంకొకరన్నారు. అది థర్మోస్టాట్‌కు అవతలి వైపు. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా అక్కడికి వేడి నీళ్ళు సరిగా రావు. నీళ్ళు కారిపోతే ఆ గొట్టమే ముందు ఖాళీ అవుతుంది. నీళ్ళు లేనిచోట సెండర్ గాలినే కొలుస్తుంది, ఇంజను కాలిపోతుంటే ముల్లు కిందికి రావచ్చు. మన దగ్గర కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ పీకి పారేస్తారు, బండి చల్లగా ఉంటుందని. మనం పీకలేదు. కొండ చలిలో ఇంజను తగినంత వేడెక్కడం కూడా అవసరమే.

దారి దొరికింది హెడ్డు వెనక. అక్కడ కారులోని హీటరుకు వేడి నీళ్ళు పంపడానికని ఒక పెద్ద రంధ్రం ఉంది. మన రాష్ట్రంలో కారు హీటరు ఎవరు అడుగుతారని బోల్టు వేసి మూసేశారు. (లంబసింగి వాళ్ళను అడిగి ఉంటే వేరేగా చెప్పేవారు.) అది థర్మోస్టాట్‌కు ఇవతల ఉంది, నీళ్ళు ఎప్పుడూ పారే చోటు. ఆ రంధ్రం సెండర్ కంటే పెద్దది. కాబట్టి దానికి సరిపోయే ఇత్తడి బుష్షు చేసి, మధ్యలో 5/8 మర కోస్తే, బొడిపె నేరుగా నీళ్ళలోకి వేలాడుతుంది. లేత్ అతని దగ్గర ఆ కొలత ట్యాపు లేదు. లేత్ మీదే నిదానంగా మర కోశాడు. ముందు చేసిన ముక్కకు డబ్బు తీసుకోలేదు. "పనికిరాని దానికి డబ్బెలా తీసుకుంటాను" అన్నాడు. ఇత్తడికి, కూలికి కలిపి 650 రూపాయలు. మా బస్సు చార్జీలు విడిగా లెక్కల పుస్తకంలో ఉన్నాయి.

బిగించేటప్పుడు మర మీద తెల్ల టేపు చుట్టలు చుట్టడం అలవాటు, నీరు కారకుండా. ఇక్కడ అది ఇబ్బంది. సెండర్‌కు ఎర్త్ అందేది దాని మర గుండానే. మధ్యలో టేపు అడ్డుపడితే ముల్లు తక్కువ చూపించవచ్చు. అందుకని రాగి వాషర్లు వేసి బిగించాము. కారలేదు.

అయినా పని ముగియలేదు. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ముల్లు ఒక గీత పైకి జరుగుతోంది, ఆపితే దిగుతోంది. లైట్లకూ నీళ్ళ వేడికీ ఏమిటి సంబంధం? ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. దాన్ని బాడీకి కలిపేది ఒక్క ఎర్త్ పట్టీ. ఇంజను దించినప్పుడు ఆ పట్టీ సగం తెగింది, మిగిలింది రంగు మీదే బిగించారు. లైట్ల కరెంటంతా డైనమోకు తిరిగి వెళ్ళేది ఆ దారిలోనే. దారి ఇరుకైతే ఆ తేడా ముల్లులో కనబడుతుంది. రంగు గీకి కొత్త అల్లిక పట్టీ వేశాక లైట్లు వేసినా ఆపినా ముల్లు కదలలేదు. 180 రూపాయలు.

గత గురువారం మొదటిసారి ఘాట్ దిగి ఎక్కాము. రోగులు లేరు. బరువు కోసం పెద్దలు నలుగురు, రెండు బియ్యం బస్తాలు. దిగేటప్పుడు ముల్లు సగానికి దిగువనే ఉంది. నర్సీపట్నంలో టీ తాగి మధ్యాహ్నం ఎండలో ఎక్కడం మొదలుపెట్టాము. మొదటి మలుపుల్లో సగం దగ్గర. తరువాత మెల్లగా పైకి. ఎర్ర చుక్కకు గీతంత దూరం ఉండగా వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. చుక్కను తాకింది. డ్రైవర్ తమ్ముడు ఎవర్నీ అడగలేదు. వెడల్పుగా ఉన్న మలుపు చూసి బండి పక్కకు తీసి, ఇంజను ఆపకుండా నిదానంగా తిరగనిచ్చి, బానెట్ ఎత్తాడు. రేడియేటరు మూత జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఆ వేడిలో మూత తీస్తే ముఖం మీదికి ఆవిరి కొడుతుంది. చూస్తే ఫ్యాన్ బెల్టు వదులుగా ఉంది. కొత్త బెల్టు మొదటి రోజుల్లో సాగుతుంది. ఆ బెల్టే నీళ్ళ పంపును కూడా తిప్పుతుంది. ముల్లు చుక్క కిందికి దిగాక ఇంజను ఆపి, చల్లారనిచ్చి, డైనమో బోల్టు వదులు చేసి బెల్టు లాగి బిగించాడు. ముప్పై నిమిషాలు. మిగతా ఘాట్ అంతా ముల్లు చుక్కకు కిందే ఉంది.

ఆ ఎలక్ట్రీషియన్ పెట్టిన రెసిస్టరే ఉండి ఉంటే మేమంతా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేవాళ్ళం.

శుక్రవారం సాయంత్రం పెద్దమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరి చివరి వంతెన దాకా తిప్పి తెచ్చాము. ఆమె దారి చూడలేదు, మీటరే చూశారు. దిగేటప్పుడు కొంగుతో ఆ అద్దం తుడిచారు, చుక్క చెరగకుండా చుట్టూ మాత్రం.

సోమవారం నుండి బండి సేవలో ఉంటుంది. ముందు అరలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెట్టాము. ఎవరు నడిపినా ఘాట్ పైకి వచ్చాక ముల్లు ఎంతవరకు లేచిందో, ఎంత బరువుతో, ఏ వేళ అన్నది ఒక వరుస రాయండి. చుక్క తాకితే ఆపండి, లోపల ఎవరున్నా సరే, ఎంత తొందరైనా సరే. తాళం ఎప్పటిలాగే మా ఇంటి గుమ్మం లోపల మేకుకు ఉంటుంది. రాత్రి వేళ తలుపు కొట్టడానికి మొహమాటపడకండి.